కోడలి సంచులు

ఆసుపత్రిలో ఆమెను అందరూ డబ్బాలమ్మ అంటారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తెలుసేమో గానీ మిగతావాళ్లెవరికీ దానితో పని పడలేదు. "డబ్బాలమ్మా, పిల్లల వార్డులో డబ్బా నిండింది" అంటే వెళ్తుంది. "డబ్బాలమ్మా, ఈ సంచి కారుతోంది చూడు" అంటే తుడుస్తుంది. మొదట్లో ఆ పిలుపు వింటే ఒళ్లు మండేది. ఇప్పుడు వీధిలో ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఇంకెవర్నో అనుకుని తన దారిన తను పోతుంది.

ఆసుపత్రి అనగానే మనకి డాక్టర్లు గుర్తొస్తారు, మందులు గుర్తొస్తాయి, బిల్లు మరీ గుర్తొస్తుంది. నర్సు విప్పిన కట్టు ఎటు పోతుందో, డాక్టరు కోసి పడేసింది ఎవరి చేతికొస్తుందో ఎవరికి పట్టింది? డబ్బా మూత తెరుచుకుని మూసుకుందంటే ఆ వస్తువు లోకంలోంచే మాయమైందని అందరి ధీమా. మాయం కాదండీ. నేలకింది అంతస్తుకి పోతుంది. అక్కడ ఈవిడ ఉంటుంది.

నెత్తురంటిన దూదీ కట్లూ పసుపు సంచిలో. ప్లాస్టిక్ గొట్టాలూ గ్లౌజులూ ఎర్ర సంచిలో. గాజు సీసాలు నీలం డబ్బాలో. సూదులూ బ్లేళ్లూ మాత్రం పొడిచినా చిల్లు పడని తెల్లటి గట్టి డబ్బాలో. బడికి పోని పిల్లలకైనా చెప్పగానే అర్థమయ్యే సంగతి. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు చేతిలో ఉన్నదాన్ని దగ్గరున్న డబ్బాలో పడేసి పోతారు, అది వేరే సంగతి. వాళ్లని అని ఏం లాభం? ఒక పక్క మంచం మీద మనిషి మూలుగుతుంటే రంగులు చూసుకునే ఓపిక ఎవరికుంటుంది?

ఇంటాయన నేలకి పలకరాళ్లు పరిచే పని చేసేవాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుని, ఇదే ఆసుపత్రిలో దగ్గి దగ్గి పోయాడు. అప్పటికి కొడుకింకా చంక దిగలేదు. ఆయన మంచం ఖాళీ చేయించడానికి వచ్చిన మనిషినే పట్టుకుని, "మీ దగ్గర ఏదైనా పనుందా బాబూ?" అని అడిగింది. ఏడవడానికి కూడా తీరిక లేనివాళ్లు అలాగే అడుగుతారు. మర్నాటి నుంచి బండి తోయడం మొదలుపెట్టింది. మూడు చక్రాలు ఒక దారిన పోతే నాలుగోది దాని దారిన పోయే బండి అది. ఇప్పటిదాకా నాలుగు బండ్లు మారాయి గానీ ఆ నాలుగో చక్రం బుద్ధి మారలేదు.

ఈ ఏళ్లన్నిట్లో మోకాళ్లు అరిగిపోయాయి. నడుము ఒకసారి వంగితే మళ్లీ నిలబడటానికి గోడ సాయం అడుగుతుంది. ముక్కు ఎప్పుడో రాజీనామా ఇచ్చేసింది, అదొక్కటే మేలు. పని దిగి ఇంటికొచ్చాక గుమ్మంలో కూలబడి, లేచి లోపలికి వెళ్లాలంటే ఇంకో జన్మెత్తాలనిపిస్తుంది.

కొడుకు లారీ నడుపుతాడు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే. వాడు కట్టుకున్న పిల్ల, నర్సింగు చదువు సగంలో ఆపేసి ఈ ఇంట్లో కాలు పెట్టింది.

"ఎందుకాపావే?" అని అడిగింది అత్తగారు, కొత్త కోడలని మొహమాటమైనా లేకుండా.

"మా ఇంట్లో కుదర్లేదత్తయ్యా."

"మనింట్లో కుదురుతుంది. పుస్తకాలు పైకి తియ్యి."

అంతే. ఆ మాట కోసం ఈవిడ పగటి డ్యూటీ అయ్యాక సాయంత్రం డ్యూటీ కూడా నెత్తినేసుకుంది. మధ్యలో మనవరాలు పుట్టింది. పిల్లని ఒక చేత్తో ఊపుతూ ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని చదివింది కోడలు. చుట్టుపక్కల వాళ్లు ఊరుకుంటారా? "కోడల్ని చదివిస్తున్నావు, రేపు ఉద్యోగం వచ్చాక నిన్ను లెక్కచేస్తుందా?" అన్నారు. "లెక్కచెయ్యకపోతే మానె. సూదైనా నొప్పి తెలీకుండా పొడుస్తుంది కదా" అని నవ్వేసింది. లోపల మాత్రం ఒకటే పంతం. ఆ ఆసుపత్రిలో ఈ ఇంటి మనిషి ఒక్కరైనా మెట్లెక్కి పనిచెయ్యాలి. తను దిగింది చాలు.

కోడలు పాసైంది. అదే ఆసుపత్రిలో, ఆపరేషన్లయిన వాళ్లని ఉంచే వార్డులో నర్సుగా చేరింది. చేరిందంటే టెంపరరీగా. ఏడాది చూసి, పని నచ్చితే పర్మినెంటు చేస్తామన్నారు. తెల్ల బట్టల్లో మొదటిసారి మెట్లెక్కుతున్న కోడల్ని కిందినుంచి బండి పట్టుకుని చూసిందావిడ. కళ్లనిండా నీళ్లొచ్చాయి. బ్లీచింగు ఘాటు కళ్లకి తగిలిందని సూపర్‌వైజరుతో చెప్పింది.

కోడలు వచ్చిన నెలలోనే యంత్రమూ వచ్చింది.

యంత్రమంటే ఒక్కటి కాదు, పెద్ద సంసారం. ప్రతి వార్డులో డబ్బాల మూతలకి సెన్సర్లు పెట్టారు. డబ్బా నిండగానే డబ్బాలమ్మ మెళ్లో వేలాడే ఫోను గుర్రుమంటుంది. సంచి మూతి కట్టిన నర్సు తన బ్యాడ్జి గోడకున్న చిన్న పెట్టెకి చూపిస్తే ఒక స్టిక్కరు వస్తుంది, దాన్ని సంచి మెడకి అంటించాలి. ఆ సంచిని డబ్బాలమ్మ కిందికి తెచ్చి తూకపు బల్ల మీద పెడుతుంది. బల్ల దాని బరువు చూస్తుంది, పైనున్న కెమెరా రంగు చూస్తుంది, లోపల ఇనప ముక్క ఏదైనా ఉందేమో పక్కనున్న సెన్సరు చూస్తుంది. అంతా సవ్యంగా ఉంటే పచ్చ దీపం. పసుపు సంచిలో సూదో బ్లేడో ఉందనుకోండి, ఎర్ర దీపం, చెవులు చిల్లులు పడే గంట, పైన వరండాలో అందరూ చూసే స్క్రీన్ మీద ఆ సంచి కట్టినవాళ్ల బ్యాడ్జి పక్కన ఒక ఎర్ర చుక్క.

తెచ్చిన కొత్తలో దాని వేషాలు అన్నీ ఇన్నీ కావు. సంచిలో పెన్ను పడితే మోగింది. మాత్రల రేకు కనబడితే మోగింది. డబ్బాలమ్మ చేతికున్న లోహపు గాజుకి కూడా మోగింది. "నన్నూ చెత్తలో కలిపేస్తావేంటే?" అని దాన్ని తిట్టి ప్లాస్టిక్ గాజులకి మారింది. నర్సులు ఆ యంత్రానికి 'అత్తగారు' అని పేరు పెట్టారు. ఏం చేసినా తప్పు పడుతుంది, పట్టిన తప్పుని నలుగురిలో చెబుతుంది కాబట్టి. "ఇవాళ అత్తగారు మాట్లాడలేదు" అంటే ఆ వార్డు ఆ పూట గట్టెక్కిందని అర్థం.

నవ్వులు నవ్వులుగానే ఉన్నాయి గానీ, సూపర్‌వైజరు ఒకరోజు అందరినీ నిలబెట్టి అసలు సంగతి చెప్పాడు. చుక్కలు పడితే పర్మినెంటు వాళ్లకి మందలింపు, టెంపరరీ వాళ్లకి ఇంటి దారి. డబ్బాలమ్మకి గుండెల్లో రాయి పడింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం లిఫ్టు చెడి, ఆపరేషన్ల వార్డు నుంచి పసుపు సంచిని మెట్ల మీదుగా చేత్తో దింపుతోంది. సంచి పక్కన ఏదో మెరిసింది. చూస్తే సూది మొన. ప్లాస్టిక్‌ని పొడుచుకుని వేలి గోరంత బయటికొచ్చి ఉంది. స్టిక్కరు చదవడం ఆవిడకి రాదు గానీ దాని మూల అచ్చయిన చిన్న ఫొటో గుర్తుపట్టడానికి చదువెందుకు? కోడలు. చెవి వెనక జుట్టు సర్దుకుని బెదురుగా చూస్తోంది.

కింద బల్ల ఉంది. గంట సిద్ధంగా ఉంది. వరండాలో స్క్రీన్ ఉంది.

మెట్ల కింద పాత దుప్పట్లు కుక్కే చిన్న గది ఒకటుంది. సంచిని అందులోకి లాక్కెళ్లి, మూతి విప్పి, సూదిని వెతికి తీసి, మెట్ల దగ్గర ఆపిన బండి మీదున్న తెల్ల డబ్బాలో పడేసింది. మళ్లీ అలాగే ముడేసి బల్ల మీద పెట్టింది. పచ్చ దీపం వెలిగింది. సూది బరువెంత? బల్లకి తేడా తెలియలేదు. "ఏదో ఒక్కసారి, పనిలో కొత్త, హడావుడిలో పడిపోయుంటుంది" అనుకుని ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు అనుమానంతో విప్పి చూస్తే ఇంకొకటి. ఆ మర్నాడు రెండు.

జరుగుతున్నదేంటో ఆవిడకి త్వరగానే తెలిసిపోయింది. కట్టు మార్చేముందు కోడలు మత్తు సూది వేస్తుంది. వాడిన సూదిని ట్రేలో దూది పక్కన పెడుతుంది. కట్టు అయ్యేసరికి ఇంకో మంచం దగ్గర పిలుపు, ఇంకెవరికో రక్తం ఆగడం లేదని కేక. వార్డు నిండా మంచాలు, ఇద్దరే నర్సులు. ట్రే ఎత్తినపళంగా పసుపు సంచిలో బోర్లించి పరిగెడుతుంది. దూది మధ్యలో సూది కూడా పోయిందన్న ధ్యాసే ఉండదు. కొవ్వు కాదు, నిర్లక్ష్యం కాదు. అలసట.

చెప్పొచ్చు కదా అంటారు. చెప్పాలనే అనుకుంది. ఒక సాయంత్రం కోడలు ఇంటికొచ్చి, బూట్లు విప్పుతూ విప్పుతూ ఒక బూటు చేతిలో ఉండగానే గోడకి చేరగిలబడి నిద్రపోయింది. మనవరాలు వెళ్లి మీద పడితే ఉలిక్కిపడి లేచి, అత్తగారిని చూసి మొహమంతా నవ్వు చేసుకుంది.

"అత్తయ్యా, మీకో సంగతి చెప్పాలి. ఇవాళ చేతుల సిస్టరు మా వార్డుకొచ్చి అందరి ముందూ నన్ను మెచ్చుకుంది. టెంపరరీ వాళ్లలో ఒక్క చుక్క కూడా లేనిది నాకొక్కదానికేనట."

చేతుల సిస్టరంటే ఆసుపత్రిలో రోగాలు ఒకరి నుంచి ఒకరికి అంటకుండా చూసే పెద్ద నర్సు. ఎవరెదురైనా ముందు చేతులు చూపించమంటుంది, అందుకా పేరు. ఆవిడ నోటంట మెప్పు రావడం మామూలు విషయం కాదు.

"నిజంగానా?" అంది డబ్బాలమ్మ.

"నిజమత్తయ్యా. అత్తగారికి నేనంటే ఇష్టమట, అందరూ ఏడిపిస్తున్నారు." కోడలు పకపకా నవ్వింది. "అదే, కింద మెషీను అత్తగారికి."

ఆ నవ్వు మీద నీళ్లెలా పోస్తుంది? ఏడాది నిండటానికి ఇంకెంతో లేదు. అప్పటిదాకా నెట్టుకొస్తే చాలు, పర్మినెంటు అయ్యాక మెల్లిగా చెప్పుకోవచ్చు. అదీ ఆవిడ ఆలోచన. తెలివితక్కువ ఆలోచనేనంటే కాదని ఎవరూ అనరు. ప్రేమ పేరుతో మనవాళ్లు చేసే పనుల్లో సగం ఈ బాపతే.

అలా కోడలి సంచులు ఒక నిత్యకృత్యమైపోయాయి. అసలే ఒంట్లో సత్తువ లేదు, పైన ఈ దొంగపని. ఫొటో చూడటం, మెట్ల కింద దూరడం, విప్పడం, వెతకడం, కట్టడం. మోటు గ్లౌజులతో దూదిలో సూది దొరకదు. వేళ్లకి అసలేదీ తెలియదు. అందుకని కుడిచేతి గ్లౌజు తీసేసి ఒట్టి చేత్తో తడిమేది. పాతికమంది కొత్తవాళ్లకి "గ్లౌజు తీస్తే చంపేస్తా" అని చెప్పిన మనిషే ఆవిడ.

ఆ రోజు ఉదయం నుంచే ఒంట్లో నలతగా ఉంది. ఇంకో పనిమనిషి రాకపోవడంతో రెండు అంతస్తులు అదనంగా నెత్తిన పడ్డాయి. భోజనం డబ్బా మూత తీయనే లేదు. మధ్యాహ్నం దాటాక ఆపరేషన్ల వార్డు నుంచి పసుపు సంచి తెచ్చి, మెట్ల కింద కూర్చుని ముడి విప్పింది. కళ్లు మూతలు పడుతున్నాయి. తడి దూదిలోకి చెయ్యి పెట్టింది.

చూపుడువేలి కొసన చురుక్కుమంది.

చెయ్యి వెనక్కి లాక్కుంది. సూది వేలికే వేలాడుతూ వచ్చింది. చిన్న నెత్తురు బొట్టు ఉబికి, నిలబడి, జారింది. ఆ వేలినే చూస్తూ ఎంతసేపు కూర్చుందో ఆవిడకి తెలియదు. ఎవరికి పొడిచిన సూదో, ఆ మనిషి ఒంట్లో ఏ రోగముందో. ఇలా సూది గుచ్చుకుని ఏడాదంతా పరీక్షలు చేయించుకుంటూ బిక్కచచ్చి తిరిగిన పనివాళ్లని ఆవిడ చూసింది. ఏం చెయ్యాలో కూడా తెలుసు. సబ్బుతో కడిగి, నిమిషం ఆలస్యం చెయ్యకుండా చేతుల సిస్టరు దగ్గరికెళ్లి చెప్పాలి. మాత్రలిస్తారు. ఎంత త్వరగా మింగితే అంత మంచిది.

చెబితే? "ఏ సంచి?" అని అడుగుతారు. అడక్క మానరు.

కుళాయి కింద వేలు పెట్టి సబ్బుతో కడిగింది, మళ్లీ కడిగింది. సూదిని తెల్ల డబ్బాలో పడేసింది. సంచి ముడేసి బల్ల మీద పెట్టింది. పచ్చ దీపం. "నీ మొహం మండ" అంది దాన్ని చూసి. నీరసంగా అంది, కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. మిగిలిన సంచులు తెచ్చి పడేసి, వేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఇంటికి నడిచింది.

గుమ్మంలోకి రాగానే మనవరాలు "నానమ్మా" అంటూ పరిగెత్తుకొచ్చింది. ఎప్పుడూ ఎత్తుకుని ముద్దాడేది. ఇవాళ రెండడుగులు వెనక్కి వేసి, "దగ్గరికి రాకు! అక్కడే ఉండు!" అని అరిచింది. పిల్ల బిత్తరపోయి, పెదవి వణికించి, భోరుమంది. ఆవిడకి ప్రాణం చివుక్కుమంది. అయినా దగ్గరికి తీసుకోలేదు.

కోడలు అప్పుడే పని నుంచి వచ్చి మొహం కడుక్కుంటోంది. తువ్వాలుతోనే బయటికొచ్చింది.

"ఏంటత్తయ్యా, పిల్లని కసిరారు? ఆ వేలికేంటి?"

"తలుపు సందులో పడింది."

"చూపించండి."

"ఏం లేదన్నానా! నీకు అన్నీ చూడాలి."

కోడలు ఆ మాట పట్టించుకోలేదు. చెయ్యి పట్టుకుని గుడ్డ విప్పింది. కమిలిన మచ్చ లేదు, చర్మం చిట్లలేదు. నడిమధ్య ఒకే ఒక్క చుక్క. రోజూ మనుషుల చర్మం మీద అలాంటివి పెట్టే అమ్మాయికి ఇంకొకరు చెప్పాలా?

"ఇది తలుపు కాదు. సూది." కోడలి గొంతు మారిపోయింది. "ఎప్పుడు?"

అత్తగారు చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"అత్తయ్యా, ఎప్పుడు గుచ్చుకుందో చెప్పండి!"

"మధ్యాహ్నం."

"మధ్యాహ్నమా! ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదా? మీకు మతి ఉందా? ఎవరు... ఎవరు వేశారు సంచిలో సూది? ఏ వార్డది?"

"ఏమో. గుర్తులేదు."

"కళ్లు నెత్తికెక్కాయా వాళ్లకి! మీ వయసు మనిషి ఆ సంచులు మోస్తోందని తెలీదా? తల్లీ చెల్లీ లేని పుట్టుకా? దొరకనీండి, చెయ్యి విరిచేస్తాను." కోడలు ఏడుస్తోంది, తిడుతోంది, చెప్పులు వెతుకుతోంది, అన్నీ ఒకేసారి. "లేవండి. ఆసుపత్రికి పదండి."

"రేపు చూద్దాంలే అమ్మాయీ. కాళ్లు లేవడం లేదు."

"మోసుకునైనా తీసుకుపోతాను."

మోసుకుపోయేలాగే ఉంది. పిల్లని పక్కింటావిడకి అప్పజెప్పి, అత్తగారి రెక్క పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చింది. దారి పొడుగునా ఆ తెలియని నర్సుని తిడుతూనే ఉంది. డబ్బాలమ్మ ఒక్కో తిట్టూ వింటూ నడిచింది. 'అనకే తల్లీ, నిన్ను నువ్వే అనుకుంటున్నావు' అని గొంతుదాకా వచ్చింది, మింగేసింది.

చేతుల సిస్టరు ఇంటికెళ్లడానికి సంచి భుజానికి తగిలించుకుంటోంది. సంగతి విని సంచి దింపేసింది. మాత్రల సీసా, నీళ్లు బల్ల మీద పెట్టించి, రక్తం తీయించి, అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ముందు ఈ మాత్ర వేసుకోమ్మా. ఊ. ఇప్పుడు చెప్పు, ఏ సంచి?"

"గుర్తులేదు సిస్టరుగారూ. పెద్దదాన్నయిపోయాను."

"గుర్తు తెచ్చుకో. ఆ సూది ఎవరికి వాడారో తెలిస్తే ఆ మనిషి రక్తం పరీక్ష చేస్తాం. ఆయనకేం లేకపోతే నీకీ మాత్రలు ఆపేయొచ్చు, ఇవి నెల మింగాలంటే మాటలు కాదు, కడుపులో తిప్పేస్తాయి. ఏదైనా ఉంటే దానికి తగ్గ మందిస్తాం. తెలియకపోతే చీకట్లో రాయి వేసినట్టే."

"నెలే కదా. మింగుతాను. వదిలేయండి."

"ఎందుకు వదలాలి?" అంది కోడలు వెనకనుంచి. "సిస్టర్, ఆ ఫోను మెళ్లో వేసుకునే తిరుగుతారు కదా అత్తయ్య? ఎప్పుడెక్కడున్నారో మెషీనుకి తెలీదా?"

ఆ ఫోను డబ్బా నిండితే గుర్రుమనడానికే అనుకుంది డబ్బాలమ్మ ఇన్నాళ్లూ.

సిస్టరు కంప్యూటరు తెరిచింది. ఆసుపత్రి బొమ్మ వచ్చింది, అంతస్తుల వారీగా. ఒక నీలం చుక్క వార్డుల్లోంచి బయల్దేరి కిందికి దిగుతోంది, మళ్లీ ఎక్కుతోంది. ఆ చుక్క డబ్బాలమ్మ. మధ్యాహ్నం దాటాక అది మెట్ల దగ్గర ఆగింది. ఆగి, అక్కడే ఉండిపోయింది.

"మెట్ల కింద ఏం చేశావమ్మా ఇంతసేపు?"

"నడుము పట్టేసింది. కూర్చున్నాను."

సిస్టరు ఆవిడ మొహంలోకి ఒకసారి చూసి, ముందురోజు బొమ్మ తెరిచింది. చుక్క అక్కడే ఆగింది. ఆ ముందురోజూ అక్కడే. ఆదివారం ఆగలేదు. ఆదివారం కోడలికి సెలవు.

"స్టిక్కర్లో చిప్పుంది కదా సిస్టర్, చేతిలో ఏ సంచి ఉందో కూడా చూపిస్తుంది. దాని మీద నొక్కండి" అంది కోడలు. ఆగలేక తనే వంగి నొక్కింది.

సంచి స్టిక్కరు స్క్రీన్ నిండా పరుచుకుంది. ఆపరేషన్ల వార్డు. పసుపు. మూలన ఫొటో. చెవి వెనక జుట్టు సర్దుకుని బెదురుగా చూస్తున్న అమ్మాయి.

కోడలు తన ఫొటోని ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత ముందురోజు చుక్క మీద నొక్కింది. అదే ఫొటో. ఆ ముందురోజు. అదే. ఇంక నొక్కలేదు.

"ఇవన్నీ నావేనా అత్తయ్యా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది డబ్బాలమ్మ. ఏ అబద్ధమూ దొరకలేదు. అంత అలిసిపోయి ఉంది.

"ట్రే బోర్లిస్తావు కదా తల్లీ, హడావుడిలో. దూదితో పాటు పడిపోతాయి. నీ తప్పు కాదు. మంచాలెక్కువ, మనుషులు తక్కువ. పర్మినెంటు అయ్యేదాకా..."

"రోజూ తీశారా?"

"రోజూనే."

"ఈ చేత్తోనా?"

అత్తగారు వేలు చీరకొంగులో దాచుకుంది.

కోడలు నేల మీద కూలబడింది. ఏడుస్తుందనుకుంది డబ్బాలమ్మ, ఏడవలేదు. తల ఎత్తింది. ఇంటి నుంచి ఆసుపత్రి దాకా తిట్టిన నోరే అది.

"ఒక్కసారి... ఒక్కసారి దాన్ని మోగనిచ్చుంటే నాకు తెలిసేది కదత్తయ్యా. మర్నాడు మానేసేదాన్ని."

చేతుల సిస్టరు కంప్యూటరు మూసేసింది. ఉద్యోగం సంగతి పెద్దవాళ్లు తేలుస్తారనీ, తను చెప్పేది తను చెబుతాననీ, ఇప్పుడు ముందు కావలసింది ఆ పేషెంటు రక్తమనీ అంది.

"ఈ మధ్యాహ్నం ఆ సంచిలో వేసిన కట్టు ఎవరిదో గుర్తుందా?"

"అందులో ఒక్కరిదే. కిటికీ పక్క మంచం పెద్దాయనది" అంది కోడలు.

"ఇంకొకర్ని పంపనా?"

"వద్దు. నేనే తెస్తాను."

గోడ పట్టుకుని లేచింది కోడలు. చేతులు కడుక్కుంది, గ్లౌజులు తొడుక్కుంది, ట్రేలో సూదీ సీసా పెట్టుకుంది. తెల్ల డబ్బా ఒకటి అడిగి తీసుకుని చంకలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

"మీరు ఇక్కడే కూర్చోండి అత్తయ్యా. ఎక్కడికీ కదలకండి."

డబ్బాలమ్మ అలాగే కూర్చుంది. మెట్ల మీద కోడలి అడుగులు పైకి వెళ్తుంటే వింటూ కూర్చుంది.